బండి ఆపే మనిషి

మనిషి తొందరను కొలవడానికి గట్టయ్యను హైదరాబాదు తీసుకుపోయారు. తొందరను ఎట్లా కొలుస్తారో ఆయనకు అంతుబట్టలేదు గానీ, రానుపోను వాళ్లే చూసుకుంటామన్నారు, మధ్యాహ్నం కడుపునిండా అన్నం పెడతామన్నారు. కాదనడానికి కారణం కనబడక వెళ్లాడు.

ఆయన డ్రైవరు. జంగాలమెట్ట నుంచి ఉసిరెనపల్లి దాకా పంతొమ్మిది కిలోమీటర్లు, ఏడూళ్లు, ఇరవై ఆరేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. తన చక్రం కింద ఒక్క కోడి కూడా పడలేదని చెప్పుకునేవాడు. ఒక మేకపిల్ల సంగతి ఆయన భార్య లస్మవ్వ గుర్తుచేస్తే మాత్రం మాట మార్చేవాడు. ప్రతి ఊళ్లోనూ బస్సు కదిలించే ముందు తల బయటపెట్టి, "ఇంకెవరన్న వచ్చేటోళ్లున్నరా?" అని అడగడం ఆయనకు అలవాటు. ఎవరో ఒకరు లేరని చెప్పేదాకా క్లచ్చి మీంచి కాలు తీసేవాడు కాదు. డిపోలో దీనికి చీవాట్లు తిన్నాడు, మెమోలు తీసుకున్నాడు, అలవాటు మాత్రం మానుకోలేదు.

ఆయన దిగిపోయిన ఏడాదికే ఆ బస్సూ ఆగిపోయింది. జనం ఎక్కడం లేదు కాబట్టి నడపలేమని పైవాళ్లన్నారు. బస్సు టైముకు రాదు కాబట్టి ఎక్కడం లేదని జనమన్నారు. ఈ వాదన తెగేలోపల ఏడూళ్లలోకి ఐదు కార్లూ రెండు జీపులూ దిగాయి. అక్కడి నుంచి కారున్నవాడి గుమ్మం ముందు పొద్దున లేస్తే జనం. పిల్లకు జ్వరమొచ్చినా, ముసలాయనకు కళ్లజోడు కావాలన్నా, ఆ ఇంటివాడి మొహం ఎట్లుందో చూసి అడగాలి. వాడికి మనసైతే తాళం తీస్తాడు, లేకపోతే డీజిల్ లేదంటాడు.

గట్టయ్య సొంతూరు ఉసిరెనపల్లిలో కారున్నవాడు ఓదెలు. లస్మవ్వకు సొంత తమ్ముడు, గట్టయ్యకు బామ్మర్ది. వాడు మంచివాడే. ఎవరు పిలిచినా అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. వాడి తెల్లకారు వెనకసీటులో ఇద్దరు పిల్లలు పుట్టారు కూడా. కానీ ఏడూళ్లకూ ఏడుగురు ఓదెలులు లేరు.

ప్రయోగశాలలో ఆ పని చూస్తున్నది వైదేహి అనే అమ్మాయి. ముప్పై అయిదేళ్లుంటాయి, మాట మెత్తన, కళ్లు మాత్రం ఎదుటివాణ్ని వదలవు. డ్రైవరు లేని చిన్న బండ్లను పల్లెల్లో తిప్పాలని ఆమె ఆశ. ఏ ఊరికి ఎప్పుడు పంపాలన్న దగ్గరే చిక్కొచ్చింది. ఫోను పెట్టి చూశారు. ఫోను చేసిన ప్రతివాడూ ప్రాణం పోతోందన్నాడు, బండి వెళ్లి చూస్తే పెళ్లిచూపులకు వెళ్లేవాడు. అందుకని పాత బస్సు డ్రైవర్లను పిలిపించి అడుగుతోంది: మీరు ఎవరి కోసం ఆగాలో, ఎవరి కోసం ఆగక్కర్లేదో ఎట్లా పోల్చుకునేవారు?

"కాళ్లు చూసి, మేడం," అన్నాడు గట్టయ్య. "నోటితోని అందరు అర్జంటే అంటరు. కాళ్లు అబద్ధమాడయి."

ఆమె కలం పక్కన పెట్టేసి ఆయన కాళ్ల వంక చూసింది. ఆ మాట నుంచే నిలుపురాయి పుట్టింది. ఊరి మొదట్లో నల్లటి పలక. దానిమీద చెప్పులు విప్పి వట్టి కాళ్లతో నిలబడాలి. అరికాలి నుంచి అది నాడి పట్టుకుంటుంది, చెమట చూస్తుంది, వణుకు చూస్తుంది, ఒంటి బరువు ఎటు మొగ్గుతోందో చూస్తుంది. పక్కన చిన్న దీపం. నీలంగా వెలిగితే నీ సంగతి విన్నాను, వరసలో వస్తాను అని. ఎర్రగా వెలిగితే ఇదిగో వస్తున్నాను అని. ఏడూళ్లకు మూడు బండ్లు. ఏ రాయి మీద ఎక్కువ ఆత్రం కనబడితే బండి ముందు అక్కడికే పోతుంది. పట్వారీ మనవడైనా, పాలేరు పెళ్లామైనా దానికొకటే.

ఎనిమిది రోజులు గట్టయ్యను కుర్చీలో కూర్చోబెట్టి పాదాల కింద పలక పెట్టారు. ఎదురుగా తెర మీద లారీ మీదికొచ్చేసింది, ఆయన చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి బుడగ పేల్చారు, ఎవరని తిరిగి చూశాడు. తొందర కొలిచే ముల్లు కదలలేదు. యాభై ప్రాణాలను వీపు వెనక పెట్టుకుని ఇరవై ఆరేళ్లు నడిపిన మనిషి ఆయన. బ్రేకులు పడని రోజున చేతులు వణికితే అందరూ పోతారు. అందుకని భయం వేసిన కొద్దీ నెమ్మదించడం ఆయన ఒంటికి అబ్బింది. అది ఆయన గొప్పా కాదు, తప్పూ కాదు, ఆ పని చేసిన ఒళ్లు అట్లా తయారైంది.

వైదేహికి ముచ్చటేసింది. ఇంత నిలకడైన గుండె తమకు ఇంకెక్కడా దొరకలేదని, దీన్నే సున్నా గుర్తుగా పెట్టుకుంటామని చెప్పింది. ఇంతకన్నా ఎక్కువ కొట్టుకున్న ప్రతి గుండెనూ ఎంత ఎక్కువైతే అంత తొందర కింద రాయి లెక్కేస్తుంది. చివరి రోజున బండి పలికే మాటలన్నీ ఆయన గొంతుతోనే రికార్డు చేసుకున్నారు. "ఎక్కుండ్రి", జాగ్రత్త అనడానికి "పైలం", ఇంకా ఆ పాత ప్రశ్న కూడా.

గట్టయ్య ఊళ్లోకొచ్చి, నా గుండె సున్న అట, అని నెలరోజులు చెప్పుకు తిరిగాడు. లస్మవ్వ చేటలో బియ్యం చెరుగుతూ, "అది నాకు లగ్గమైన కాన్నుంచి ఎరుకే," అంది.

వాళ్లు పెట్టిన షరతు ఒకటే. ఏడూళ్లలో కార్లుండకూడదు. సొంత బండి ఉంటే అసలైన తొందర అందులో ఎక్కి పోతుంది, రాయికి మిగిలేది సంతకు వెళ్లే తీరుబడి మాత్రమే. అప్పుడు దానికి చదువు రాదు. అదీగాక అప్పగించిన కార్ల ఇనుముతోనే కొత్త బండ్ల చట్రాలు పోస్తారట. ఆరుగురు ఒప్పుకున్నారు. ఓదెలు ఒక్కడూ మొండికేశాడు.

వాడి వాదన చిన్నది. కారు తన ఇంటి ముందుంటుంది, తను పిలిస్తే పలుకుతుంది, రాయిని బతిమాలుకోవలసిన పని లేదు. గట్టయ్య వాడితో వారం రోజులు పోట్లాడాడు. నీకు కారుంది, మరి కిష్టంపేటలో అంధురాలు ముత్తవ్వకు ఏముంది అన్నాడు. కాలేజీ మానేసిన ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆ యంత్రానికి చదువు చెప్పింది నేను, నా మీద నమ్మకం లేదా అని చివరికి అలిగాడు కూడా. ఓదెలు కదల్లేదు. అప్పుడు లస్మవ్వ వెళ్లి తమ్ముడి గుమ్మంలో కూర్చుంది. ఏం మాట్లాడిందో ఎవరూ వినలేదు. సాయంత్రానికి వాడు తాళంచెవి తెచ్చి అక్క చేతిలో పెట్టి, "నీ మాట మీద ఇస్తున్ననే అక్కా, బావ మాట మీద కాదు," అన్నాడు.

మూడేళ్లు బండ్లు బ్రహ్మాండంగా నడిచాయి. ఇందులో అబద్ధం లేదు. ముత్తవ్వ పన్నెండేళ్ల తర్వాత చెల్లెలి ఊరు చూసొచ్చింది. ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారు. కూరగాయలు వాడకముందే సంతకు చేరుతున్నాయి. ఎవరి గుమ్మం ముందూ ఎవరూ చేతులు కట్టుకుని నిలబడటం లేదు. బండి వచ్చి ఆగి, గట్టయ్య గొంతుతో ఎక్కుండ్రి అంటుంటే, పిల్లలు అసలు గట్టయ్యను చూసి నవ్వేవాళ్లు. ఆయన మీసం దువ్వుకునేవాడు. సర్కారు కూడా సంబరపడి అంబులెన్సును ఆ దారి నుంచి తీసేసింది. ఆపదొచ్చి ఫోను చేస్తే, దగ్గరి రాయి మీద నిలబడమనే జవాబు.

ఒక్కసారి మాత్రం మాటొచ్చింది. పోయిన వేసవిలో నాలుగో ఊరి బీరయ్యకు గుండెనొప్పి వస్తే బండి రావడానికి గంటన్నర పట్టింది. మనిషి దక్కలేదు. బండి కోసం వెళ్లి నిలబడింది బీరయ్య అన్న, ఏడూళ్ల పంచాయితీలూ తెంపే పెద్దమనిషి, పిడుగు పడ్డా తొణకడు. రాయిలో ఏదో లోపముందేమో మీ మేడంకు ఫోను చెయ్యి అని ఓదెలు అన్నాడు. ఆ పూట ఇంకెక్కడో అంతకన్నా పెద్ద ఆపద ఉండి ఉంటుందని గట్టయ్య అన్నాడు. ఫోను చెయ్యలేదు. తన చేతి చదువు తప్పిందంటే ఆయనకు రోషం.

కార్తీకంలో పత్తి ఏరుతున్నారు. పొద్దెక్కి పదయ్యుంటుంది. ఊరి పక్క చేనులో లస్మవ్వ కాలికి పురుగు ముట్టింది. ఆ పక్కల పాము కరిస్తే పామనరు, పురుగు ముట్టిందంటారు. పక్క సాళ్లలో ఏరుతున్న ఆడవాళ్లు దాన్ని చూశారు. నాగు. నలుగురు మంచం మీద వేసుకుని ఇంటికి తెచ్చి అరుగు మీద దించారు. మంత్రం వేసేవాణ్ని పిలుద్దామని ఎవరో అంటే గట్టయ్య గద్దించాడు. జంగాలమెట్ట ఆస్పత్రిలో సూది ఉంది, ఇరవై నిమిషాల దారి, గంటలోపల పడితే ఏమీ కాదని అందరికీ ధైర్యం చెప్పాడు. అది నిజమే.

మంచాన్ని అట్లాగే రాయి దాకా మోసుకుపోదామని ఆడవాళ్లలో ఒకామె అంది. గట్టయ్యే వద్దన్నాడు.

"ఎండల రోడ్డు మీద ఎందుకు పండవెట్టుడు? నేను పోయి బండి ఆపి ఇంటికాడికే తోలుకస్త. నువ్వు పండుకో, కదలకు," అన్నాడు లస్మవ్వతో.

ఆ ఊళ్లలో అదే పద్ధతి. రోగిని ఎవరూ రోడ్డుకు తీసుకురారు. ఇంట్లో గాబరాపడే వాళ్లంతా మంచం చుట్టూ ఉంటారు. బండి ఆపడానికి గుండె నిబ్బరం గల మనిషి వెళ్తాడు. బస్సు నడిపిన రోజుల్లో గట్టయ్య కూడా అట్లా రోడ్డు మధ్యన నిలబడ్డ నిబ్బరమైన మనుషులను ఎంతమందిని చూశాడో. చూడగానే వీళ్లింట్లో ఎవరికో బాగాలేదని తెలిసి, బస్సును సందులోకి తిప్పి గడప దాకా తీసుకుపోయేవాడు. ఇదంతా ఊపిరి తీసుకున్నంత మామూలు కాబట్టి ప్రయోగశాలలో ఎనిమిది రోజుల్లో ఒక్కసారైనా చెప్పాలని తోచలేదు. పట్నంలో పుట్టిన వైదేహికి అడగాలని తోచలేదు. ఆమెకు తెలిసి, నిలబడ్డవాడే ఎక్కుతాడు.

రాయి రెండు వందల అడుగుల దూరం. అక్కడి నుంచి అరుగు కనబడుతుంది. గట్టయ్య చెప్పులు విప్పి, అంగీ సవరించుకుని, రాయెక్కి నిలబడ్డాడు. దీపం నీలంగా వెలిగింది. రాయి ఆయన గొంతుతోనే, "గంట పది నిమిషాలకు వస్త. పైలం," అని చెప్పింది.

గంటా పది నిమిషాలా అనుకున్నాడు. ఆ వెంటనే అలవాటు ప్రకారం ఒళ్లు నెమ్మదించింది. మూడు బండ్లూ ఎక్కడో పెద్ద ఆపదలో ఉన్నాయి కాబోలు. ఎవరో పసిపిల్లకు ప్రాణం మీదికొచ్చిందేమో. దాని లెక్క న్యాయమైనది, తానే నేర్పాడు. కదలకుండా నిలబడితే రాయి బాగా చదువుతుందని మేడం చెప్పిన మాట గుర్తొచ్చింది. ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ, బండి ఎంత తొందరగా వస్తే అంత మంచిదని, ఇంకా ఇంకా నిలకడగా నిలబడ్డాడు. నడుమ నడుమ మాత్రం వెనక్కి తిరిగి అరుగు వైపు చూసుకున్నాడు. లస్మవ్వ చెయ్యెత్తి ఏదో చెప్పినట్టనిపించింది. తర్వాత చూసినప్పుడు చెయ్యెత్తలేదు.

నలభై నిమిషాలకు ఓదెలు వచ్చాడు. వాడు దూరపు చేనులో ఉన్నాడు, కబురు ఆలస్యంగా అందింది. అరుగు దగ్గర ఆగి అక్కను చూశాడు. రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. వాడు రోడ్డుకు పరుగెత్తుకొచ్చాడు, బావను రెక్క పట్టుకుని పక్కకు లాగి తానే రాయెక్కాడు.

"చెప్పులు విప్పురా," అన్నాడు గట్టయ్య. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకు బతికినన్నాళ్లూ అర్థం కాలేదు.

ఓదెలు చెప్పులు విదిలించి కొట్టాడు. బురద కాళ్లు, గజగజ వణుకుతున్నాయి. దీపం అప్పటికప్పుడే ఎర్రబడింది. ఆరు నిమిషాల్లో బండి వచ్చింది. అందులో ఎవరూ లేరు. ఎక్కడైనా ఎర్ర దీపం వెలిగితే పోవడానికని పక్కూరి బడి వెనక నీడలో పొద్దుటి నుంచి ఊరికే నిలబడి ఉందని తర్వాత తెలిసింది. గట్టయ్య ఆ ఖాళీ సీట్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

లస్మవ్వను ఎత్తి లోపల పడుకోబెట్టారు. కదిలే ముందు బండి అడిగింది: "ఇంకెవరన్న వచ్చేటోళ్లున్నరా?" లేరు పో, లేరు, అని ఓదెలు గొంతు చించుకున్నాడు. దారంతా గట్టయ్య భార్య తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఊపిరికీ ఊపిరికీ నడుమ ఎడం పెరుగుతూ వచ్చింది. నాలుగో ఊరు దాటాక లెక్కపెట్టడానికి ఏమీ లేకపోయింది. ఆస్పత్రిలో డాక్టరు చూసి, అరగంట ముందొస్తే బాగుండేదన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఓదెలు ఒక్కసారే మాట్లాడాడు. "నా కారుంటే ఇరవై నిమిషాలు, బావా."

ఆ తర్వాత వాడు ఆయన్ను బావా అని పిలవలేదు.

ఐదో రోజున వైదేహి వచ్చింది. కబురు పంపింది ఎవరో గట్టయ్యకు తెలియదు. అరుగు కింద నిలబడి, లోపలికి రమ్మన్నా రాక, చేతిలోని తెర చూపించింది. ఆ పొద్దు రాయి రాసుకున్నదంతా అందులో ఉంది. ఒక గీత, మొదటి నుంచి చివరిదాకా వంకర లేకుండా సాగింది. నలభై నిమిషాలు. ఆ తర్వాత ఓదెలు పాదం పడ్డచోట గీత తెర పైకంటా లేచింది.

"మీ గుండె దానికి సున్నా, గట్టయ్యగారూ," అంది ఆమె. మిగతాది చెప్పబోయింది.

ఆయనకు చెప్పనక్కర్లేదు. మనిషి ఎంత నిబ్బరంగా నిలబడితే రాయి అంత తీరుబడి అనుకుంది. తాను ఊపిరి నెమ్మదించిన ప్రతిసారీ బండిని ఇంకాస్త దూరం నెట్టాడు. బీరయ్య అన్న కూడా అట్లాగే నిలబడి ఉంటాడు. ఓదెలు చెప్పినప్పుడు ఒక్క ఫోను చేసి ఉంటే ఈ గీత అప్పుడే బయటపడేది. గట్టయ్య ఏడవలేదు. ఏడుపు రావాలంటే ముందు ఒళ్లు అదరాలి, ఆ ఒంటికి అది చేతకాదు. తన ఒంటి మీద తనకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

వైదేహి దాచుకోకుండా చెప్పింది. పైవాళ్లు ప్రయోగం ఆపేయమంటున్నారు. ఆపేస్తే బండ్లు వెళ్లిపోతాయి. కార్లు ఎప్పుడో కరిగిపోయాయి, బస్సు రాదు, అంబులెన్సు మళ్లీ వేయడానికి రెండేళ్లంటున్నారు. ఆపకుండా ఉండాలంటే రాయికి కొత్త పాఠం కావాలి. ఒకరి కోసం నిలబడ్డ మనిషి ఎట్లా ఉంటాడో దానికి తెలియాలి. ఆ గీత కిందనే ఇంకో చిన్న గుర్తు ఉందని చూపించింది. గుండె కదల్లేదు గానీ, కొన్ని ఊపిర్లకొకసారి ఒంటి బరువు ఎడమ మడమ మీదికి ఒరిగింది. గట్టయ్య ఇంటి వైపు తిరిగి చూసినప్పుడల్లా. రాయి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు తీసుకోవాలి. ఒక్కనాటి గుర్తు చాలదు, అట్లాంటివి వందలు కావాలి. అదే గుండె, అదే మడమ.

"వేరే వాళ్లతో చేసి చూశాను. గుండె తొణుకుతోంది, లేకపోతే నటన తెలిసిపోతోంది," అంది. "అడగడానికి నాకు మొహం లేదు."

అప్పుడే రోడ్డు మీద అరుపులు వినబడ్డాయి. ఓదెలు గడ్డపార తీసుకుని రాయి దగ్గరికి వెళ్లాడు, వెనక సగం ఊరు. గట్టయ్య నడుచుకుంటూ వెళ్లాడు, పరుగెత్తలేదు. అది చూసి ఓదెలుకు ఇంకా మండింది.

"ఇప్పుడు గూడ ఉరుకవా?" అన్నాడు. "నీ గుండెల ఏమున్నది? మా అక్క నలభై ఏండ్లు ఎవనితోని కాపురం చేసింది?"

గట్టయ్య రాయి పక్కన నిలబడి, పగులగొట్టు అన్నాడు. తానేమీ అడ్డురానని, అయితే రేపు ఈ ఊళ్లో ఇంకెవరికైనా పురుగు ముడితే పంతొమ్మిది కిలోమీటర్లు ఏ భుజాల మీద మోస్తారో అది కూడా చెప్పి పగులగొట్టమన్నాడు. రాయికి తానే తప్పు చదువు చెప్పానని, దిద్దేవాడు కూడా తానే అయ్యేటట్టున్నాడని, ఎన్ని రోజులైతే అన్ని రోజులు నిలబడతానని అందరి ముందూ చెప్పాడు. ఓదెలు గడ్డపార ఎత్తాడు, రాయి మీద వేయలేదు. చివరికి దాన్ని రోడ్డు పక్కన పారేశాడు.

"నిలబడు మరి," అన్నాడు. "నేను సూస్త."

మర్నాడు పొద్దున పదింటికి మొదలైంది. ఆ రోజు మాదిరే ఉండాలని వైదేహి మంచాన్ని అరుగు మీద వేయించింది. గట్టయ్య చెప్పులు విప్పి రాయెక్కాడు, వెనక్కి తిరిగి చూశాడు. దీపం నీలంగానే ఉంది. ఖాళీ మంచాన్ని చూసే చూపు వేరు, మడమకు తెలిసిపోతుంది. పది రోజులు అట్లాగే గడిచాయి. వైదేహి ఇంకేమీ చెప్పలేక, ఆ రోజు ఏమనుకుంటూ చూశారో అదే అనుకోండి అని మాత్రం అంది.

ఆ రోజు ఆయన అనుకున్నది ఒక్కటే: ఇంకా ఉంది, బండొస్తే చాలు.

అట్లా అనుకోవడం మొదలుపెట్టాడు. అరుగు మీద లస్మవ్వ ఉంది. కాలు నొప్పెడుతోంది, కానీ ఉంది. ఇంకా గంటలోపలే ఉన్నాం. ముందు ఒక్క చూపుకు నమ్మగలిగాడు, తర్వాత రెండు చూపులకు. రోజులు గడిచిన కొద్దీ రాయి మీద నిలబడ్డంతసేపూ ఆమె నిజంగా బతికే ఉండేది. దిగి చెప్పులు వేసుకునేటప్పుడు మళ్లీ చచ్చిపోయేది. పూటకు ఇరవైసార్లు ఎక్కేవాడు, ఇరవైసార్లు దిగేవాడు. తిండి సరిగ్గా తినడం లేదు. ఇక చాలు, వద్దు గట్టయ్యగారూ అని వైదేహే ఒకసారి చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకుని మళ్లీ ఎక్కాడు. ఓదెలు మాటిచ్చినట్టే ప్రతి రోజూ రోడ్డవతల కూర్చుని చూసేవాడు.

ఇరవై ఏడో రోజున, పొద్దున పదిన్నరప్పుడు, గట్టయ్య తిరిగి చూశాడు. మంచం మీద ఆమె చెయ్యెత్తి ఏదో చెబుతోంది. వస్తోంది, కదలకు అని మనసులోనే చెప్పాడు. గుండె ఎప్పటిలాగే నెమ్మదిగా కొట్టుకుంటోంది. బరువు ఎడమ మడమ మీదికి ఒరిగింది.

దీపం ఎర్రబడింది.

వైదేహి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోడ్డవతల ఓదెలు లేచి నిలబడ్డాడు. ఐదు నిమిషాల్లో మలుపు తిరిగి బండి వచ్చింది, రాయి పక్కన ఆగింది, తలుపు తెరుచుకుంది. ఎక్కుండ్రి అంది. ఎవరూ ఎక్కలేదు. ఆయన నేర్పిన ప్రకారం అది ఆగింది, తర్వాత ఆయన గొంతుతోనే అడిగింది.

"ఇంకెవరన్న వచ్చేటోళ్లున్నరా?"

గట్టయ్య రాయి మీదే ఉన్నాడు. దిగితే ఆమె ఉండదు. జవాబు చెప్పేదాకా బండి కదలదు. ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్న ఆయన ఎన్ని వేలసార్లు అడిగాడో, జవాబు చెప్పేవాడికి అది ఇంత కష్టమని ఒక్కసారీ అనుకోలేదు. బండి రెండోసారి అడిగింది. ఓదెలు రోడ్డు దాటి వచ్చి, రాయి పక్కన నిలబడి, అరుగు మీది ఖాళీ మంచాన్ని చూశాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి అక్కడ ఎవరిని చూస్తున్నాడో వాడికి అప్పుడు తెలిసింది.

"చెప్పు, బావా," అన్నాడు మెల్లగా. "చెప్తెనే పోతది."

మూడోసారి అడిగింది.

గట్టయ్య అరుగు మీంచి చూపు తిప్పుకుని బండి వైపు చూశాడు.

"లేరు," అన్నాడు.

తలుపు మూసుకుంది. పైలం అని చెప్పి బండి ఖాళీగా వెళ్లిపోయింది. ఆయన రాయి దిగి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.